పిన్ను మీద ఒత్తు నిలవాలంటే

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లె. మా హైస్కూలుకి 50 ఏళ్లు నిండాయని సంక్రాంతికి పూర్వ విద్యార్థులందరం కలుస్తున్నాం. వచ్చినవాళ్లకి 200 లోహపు పిన్నులు, మాకు చదువు చెప్పిన 25 మంది మాస్టార్లకి మెడల్స్ చేయించే పని నాకు అప్పజెప్పారు. కాన్వా యాప్‌లో 30 మిల్లీమీటర్ల గుండ్రటి పిన్ను డిజైన్ చేశాను. మధ్యలో బడి, ముందు వేపచెట్టు, వెనక నారింజ రంగులోంచి పసుపులోకి మారే ఆకాశం. చుట్టూ "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవం 1976–2026" అని రాశాను. తయారీవాళ్లకి వాట్సాప్‌లో జేపీజీ పంపితే "వెక్టర్ ఫైలు కావాలి" అన్నారు. దాన్నే పీడీఎఫ్ చేసి పంపాను. "ఇదీ వెక్టర్ కాదు" అన్నారు. మెడల్ మీద మా మొదటి హెడ్మాస్టారి ముఖం, వెనకవైపు మూడు సింహాల గుర్తు ఉండాలని కమిటీవాళ్లు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. – తణుకు నుంచి ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

మీరు జతచేసిన బొమ్మ చూశాను. చక్కగా వేశారు. వేపచెట్టు నీడ బడి మెట్ల మీద పడటం కూడా వదల్లేదు. ఆ బడిని ఎంత ఇష్టంగా చూసి ఉంటే అలా వేస్తారో అర్థమైంది. అందుకే ఈ మాట కాస్త నెమ్మదిగా చెప్పాలి: ఫైలుని సరైన ఫార్మాట్‌లోకి మార్చినా ఈ బొమ్మ ఇలాగే పిన్ను మీదికి రాదు. ఫార్మాట్ గొడవ ఒక పూటలో తీరిపోతుంది. బొమ్మని లోహానికి తగ్గట్టు మళ్లీ గీసుకోవడమే అసలు పని. ముందు దాని సంగతి చూద్దాం.

కాగితం మీద రంగు ఎక్కడ వేస్తే అక్కడ ఉంటుంది. లోహం మీద అలా కుదరదు. మీది వరి పండే ఊరు కాబట్టి మీకు వెంటనే తెలిసే పోలిక చెప్తాను. మడిలో నీళ్లు నిలవాలంటే చుట్టూ గట్టుండాలి. గట్టు తెగితే నీళ్లు పక్క మడిలోకి పోతాయి. పిన్నులో ప్రతి రంగూ ఒక మడి, మీరు గీసే ప్రతి గీతా ఒక గట్టు. డైతో, అంటే బొమ్మ చెక్కిన అచ్చుతో, కొట్టినప్పుడు గీతలున్న చోట లోహం ఎత్తుగా నిలుస్తుంది, మధ్యలో గుంటలు పడతాయి. పనివాళ్లు సన్నటి సూది ఉన్న సిరంజితో ఆ గుంటల్లో రంగు నింపి, ఓవెన్‌లో పెట్టి గట్టిపరుస్తారు. సాఫ్ట్ ఎనామెల్ అంటే ఇదే. రంగు గట్టు కంటే కొంచెం లోతుగా ఉంటుంది, వేలితో తడిమితే గీతలు తగులుతాయి. హార్డ్ ఎనామెల్ అయితే రంగు నిండుగా పోసి, గట్టిపడ్డాక గట్లతో సమానమయ్యేదాకా అరగదీసి పాలిష్ పెడతారు. ఉపరితలం అద్దంలా నున్నగా ఉంటుంది. మీ బొమ్మలో సన్నటి గీతలు ఎక్కువ కాబట్టి సాఫ్ట్ ఎనామెల్ చేయించుకోండి. ఖర్చూ తక్కువ.

ఇప్పుడు మీ బొమ్మని ఈ లెక్కలో చూడండి. మీ ఆకాశం నారింజలోంచి పసుపులోకి మెల్లగా మారుతుంది. గట్టు లేకుండా రెండు రంగులు పక్కపక్కన ఉండలేవు కాబట్టి ఎనామెల్‌లో ఆ మార్పు రాదు. ఆకాశాన్ని మూడు పట్టీలుగా విడగొట్టి, మధ్య గీతలు పెట్టి, ఒక్కో పట్టీకి ఒక్కో రంగు ఇవ్వొచ్చు. నన్నడిగితే అదీ వద్దు. సూర్యుణ్ణీ కిరణాలనీ రంగు వేయకుండా బంగారు పూత లోహంగానే వదిలేయండి. వెలుతురు పడ్డప్పుడల్లా అది నిజంగా మెరుస్తుంది, ఏ పసుపు రంగూ అలా మెరవదు. పైగా బంగారు పూత గీతల పక్కన పసుపు వేస్తే గీత ఎక్కడుందో రంగు ఎక్కడుందో దూరం నుంచి తెలియదు.

కొలతలు గుర్తుంచుకోండి. గట్టు, అంటే లోహపు గీత, 0.3 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. 0.2 దాకా చేస్తామనే వాళ్లుంటారు, చేస్తారు కూడా. కానీ 200 పిన్నుల్లో అన్నిటికీ ఆ గీత తెగకుండా వస్తుందన్న నమ్మకం ఉండదు. రంగు నింపే మడి ఎంత ఇరుకైనా 0.4 మిల్లీమీటర్లుండాలి. మీరు బొమ్మని ఏ4 పేజీ వెడల్పంతా వచ్చేలా, అంటే 210 మిల్లీమీటర్ల వెడల్పుతో వేశారు. దాన్ని 30కి తగ్గిస్తే ఏడో వంతు అవుతుంది. మీ కిటికీల చుట్టూ ఉన్న 2 పాయింట్ల గీత పేజీ మీద సుమారు 0.7 మిల్లీమీటర్లు, పిన్ను మీద 0.1. అంటే వెంట్రుక మందం. అలాంటి కిటికీలు పద్నాలుగున్నాయి. నాలుగు ఉంచండి, పెద్దవిగా. వేపాకులు విడివిడిగా వద్దు, చెట్టు కొమ్మల్ని నాలుగైదు గుత్తులుగా చేయండి. గుత్తుల అంచులు మాత్రం రంపపు పళ్లలా ఉంటే అది వేపేనని మనవాళ్లకి తెలిసిపోతుంది.

ఒక చిట్కా. బొమ్మని 30 మిల్లీమీటర్లకి తగ్గించాక ఫైల్లో 0.3 మిల్లీమీటర్ల ఎర్ర చుక్క ఒకటి గీసి పెట్టుకోండి. దాన్ని మౌస్‌తో పట్టుకుని ప్రతి గీత మీదా నడిపించండి. చుక్క కంటే గీత సన్నగా కనిపిస్తే లావు చేయండి. 0.4 చుక్కతో ఖాళీలన్నీ అలాగే చూడండి. చుక్క పట్టని ఖాళీ ఉంటే దాన్ని వెడల్పు చేయాలి, లేదంటే పూర్తిగా మూసేయాలి.

ఇక అక్షరాలు. పిన్నుల పనిలో తెలుగుకి వచ్చే ఇబ్బంది ఇంగ్లిష్‌కి రాదు. ఈ విషయం తయారీవాళ్లు చాలామందికి తెలియదు, వాళ్లిచ్చే కొలతలన్నీ ఇంగ్లిష్ పెద్ద అక్షరాలకి వేసినవే. "అక్షరం ఎత్తు 2 మిల్లీమీటర్లుంటే చాలు" అంటారు. ఇంగ్లిష్ పెద్ద అక్షరానికి ఆ 2 మిల్లీమీటర్లూ దక్కుతాయి. మన అక్షరానికి పైన గుడో ఏత్వమో, మధ్యలో అక్షరం, కింద ఒత్తు – మూడంతస్తులు. 2 మిల్లీమీటర్లు మూడుగా పంచితే అసలు అక్షరానికి ఒక మిల్లీమీటరు కూడా మిగలదు.

మీరు రాసిన వాక్యమే తీసుకుందాం. 23 అక్షరాలు, ఎనిమిది అంకెలు, ఒక అడ్డగీత, మాటల మధ్య ఖాళీలు కలిపితే సుమారు 40 స్థానాలు. 30 మిల్లీమీటర్ల పిన్నులో అంచు పోగా అక్షరాల వరస 25 మిల్లీమీటర్ల వ్యాసంలో తిరుగుతుంది, దాని చుట్టుకొలత 78 మిల్లీమీటర్లు. ఒక్కో స్థానానికి 2 మిల్లీమీటర్లు కూడా నిండుగా రావు. అందులో ఎనిమిది చోట్ల ఒత్తులున్నాయి. "స్వర్ణోత్సవం" అన్న ఒక్క మాటలోనే మూడు: వ ఒత్తు, ణ ఒత్తు, స ఒత్తు. అంత చిన్న చోట ఇవి మూడూ మూడు లోహపు బొడిపెలుగా మిగులుతాయి.

"విద్యార్థుల" అన్న మాటని దగ్గరగా చూడండి. ర కింద థ ఒత్తు ఉంది. ఆ ఒత్తు పొట్టలో ఒక చుక్క ఉంది. ఆ చుక్క ఉంటేనే అది థ, పోతే ధ. మీ ఫైల్లో ఆ చుక్కని 30 మిల్లీమీటర్ల సైజుకి తెచ్చి కొలిచాను, 0.1 కూడా లేదు. డైలో అది రానే రాదు. అప్పుడు మీ 200 పిన్నుల మీదా "విద్యార్ధుల" అని ఉంటుంది. చదువు చెప్పిన మాస్టార్లకి అది కనిపించకుండా పోదు.

అందుకని పిన్ను మీద బడి పూర్తి పేరు పెట్టకండి. హైదరాబాద్ రాజ్యపు పాత నాణేలు మీరు చూసే ఉంటారు, చార్మినార్ బొమ్మ ఉన్నవి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో వేసిన వాటిలో చార్మినార్ ద్వారం లోపల ఒకే ఒక అక్షరం ఉంటుంది – మీమ్, అంటే అరబ్బీ లిపిలో మహబూబ్ పేరుకి మొదటి అక్షరం. తర్వాత ఉస్మాన్ అలీఖాన్ వచ్చాక అదే ద్వారంలోకి ఆయన పేరులో మొదటిదైన ఐన్ అక్షరం వచ్చింది. పాలకుడి పేరంతా ఇరికించకుండా, బొమ్మలో సహజంగా ఖాళీ ఉన్న చోట ఒక్క అక్షరం పెట్టారు. ఆ నాణెం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు ఆ చెక్కినవాడి మీద గౌరవం పెరుగుతుంది. మీ బడి బొమ్మలోనూ పెద్ద గేటు ఉంది. ఆ గేటు కమాను లోపల "50" అని పెట్టండి. కింద ఊరి పేరు ఒక్కటి, 4 మిల్లీమీటర్ల ఎత్తున. మీ ఊరి పేరులో ఒత్తు లేదు, అది మీ అదృష్టం. అంతకు మించి పిన్నుకి ఏమీ అక్కర్లేదు. బడి పూర్తి పేరు, స్వర్ణోత్సవం, సంవత్సరాలు అన్నీ పిన్ను గుచ్చి ఇచ్చే అట్టముక్క మీద ముద్రించండి. అక్కడ ఎంత రాసినా చదవొచ్చు.

ఫాంట్ గురించి. పెళ్లికార్డుల్లో వాడే లావు-సన్నం తేడాలున్న ఫాంట్లు ఇక్కడ పనికిరావు, సన్నటి మెలికలు డైలో తెగిపోతాయి. గీత అంతటా ఒకే మందంగా ఉండే ఫాంట్ కావాలి. నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు రెండూ ఉచితంగా దొరుకుతాయి, రెండింట్లోనూ సన్నం నుంచి లావు దాకా రకాలున్నాయి. అనెక్‌లో అక్షరం వెడల్పు కూడా మార్చుకోవచ్చు. మరీ లావుది ఎంచుకుంటే వ, ద, ప లాంటి అక్షరాల లోపలి ఖాళీ మూసుకుపోతుంది కాబట్టి మధ్యస్థంగా ఉన్నది తీసుకుని, కొంచెం వెడల్పు పెంచి, అక్షరాల మధ్య ఎడం ఇవ్వండి.

ఇప్పుడు తయారీవాళ్లడిగిన వెక్టర్ సంగతి. జేపీజీ అంటే చుక్కల ముగ్గు. దగ్గరకెళ్తే చుక్కలే తప్ప గీత ఉండదు. వెక్టర్ అంటే గీత ఎక్కడ మొదలై ఎలా వంగి ఎక్కడ ఆగుతుందో లెక్కగా రాసి ఉన్న ఫైలు. డై చెక్కే మిషన్ ఆ లెక్క ప్రకారమే నడుస్తుంది. జేపీజీని పీడీఎఫ్‌లో పెట్టడం అంటే ఫొటోని కవర్లో పెట్టడమే, లోపల ఉన్నది ఫొటోయే. మీ ఫైలు ఏదో తెలుసుకోవాలంటే తెరిచి బాగా జూమ్ చేయండి. అంచు మెట్లు మెట్లుగా కనిపిస్తే వెక్టర్ కాదు.

మళ్లీ గీయడానికి ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, తెలుగు ఒత్తులు అందులో సరిగ్గానే వస్తాయి. కొత్తగా నేర్చుకునే తీరిక లేకపోతే తణుకులో ఫ్లెక్సీలు చేసే షాపుకి వెళ్లండి. వెక్టర్ బొమ్మలు గీసే కోరల్ డ్రా సాఫ్ట్‌వేర్ తెలిసిన కుర్రాళ్లు అక్కడ ఉంటారు, మంచి పనివాళ్లు. అయితే వాళ్లకి అలవాటైంది ముద్రణ. అందుకని పక్కన కూర్చుని ఈ నాలుగు విషయాలూ చెప్పి చేయించుకోండి.

మొదటిది, జేపీజీని ఆటోమేటిక్‌గా ట్రేస్ చేయనివ్వకండి, అంటే సాఫ్ట్‌వేర్‌నే గీతలుగా మార్చనివ్వకండి. ఒక్క నొక్కుతో అయిపోతుంది కానీ వచ్చేది వణికిన గీత. కిటికీకి నాలుగు మూలలుంటే నాలుగు పాయింట్లుండాలి, ట్రేస్‌లో నలభై వస్తాయి. బొమ్మని కింద పెట్టుకుని పైన చేత్తో గీయాలి. మీ బొమ్మకి రెండు గంటలు చాలు.

రెండోది, పేజీ మీద బొమ్మని సరిగ్గా 30 మిల్లీమీటర్ల సైజులోనే ఉంచాలి. గీతలన్నిటినీ ఔట్‌లైన్‌గా వదలకుండా ఆకారాలుగా మార్చాలి. కోరల్‌లో కంట్రోల్, షిఫ్ట్, క్యూ కలిపి నొక్కితే మారుతుంది, ఇంక్‌స్కేప్‌లో స్ట్రోక్ టు పాత్ అని ఉంటుంది. అలా మార్చకపోతే అవతలివాళ్లు సైజు మార్చినప్పుడు గీత మందం ఉన్నదున్నట్టే ఉండిపోవచ్చు, లేదా అనుకోకుండా తగ్గిపోవచ్చు.

మూడోది అక్షరాలు, ఇక్కడ జాగ్రత్త. షాపులో అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో టైప్ చేస్తారు. ఆ ఫైలు అను లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు ఉండదు, ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫోన్లలో వాడే యూనికోడ్‌లో టైప్ చేసినా ఆ ఫాంట్ అవతల లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కకి జరగొచ్చు. కాబట్టి పంపేముందు అక్షరాలన్నిటినీ కర్వ్స్ చేయాలి, అంటే ఫాంట్ అక్కర్లేని బొమ్మగీతలుగా మార్చాలి – కోరల్‌లో కంట్రోల్ క్యూ. ఇది షాపువాళ్లకి తెలుసు. తర్వాత ఇంకో మెట్టుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. అను ఫాంట్లలో తలకట్టు, గుడి, ఒత్తు విడివిడి ముక్కలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. వాటిని కంబైన్ చేస్తే ఎక్కిన చోట చిల్లు పడుతుంది. తెర మీద ఆ చిల్లు కనిపించనంత చిన్నది, డైలో మాత్రం అది గుంట. కంబైన్ కాకుండా వెల్డ్ చేయించండి, ముక్కలన్నీ ఒక్క ఆకారంగా కలిసిపోతాయి. కర్వ్స్ చేయకముందు ఫైలుని వేరే పేరుతో దాచుకోండి, రేపు అక్షరం మార్చాలంటే అదే కావాలి.

నాలుగోది, పంపే పద్ధతి. పీడీఎఫ్ ఒకటి, అసలు ఫైలు ఒకటి. కోరల్ కొత్త వెర్షన్ ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు కాబట్టి అవతలివాళ్ల దగ్గర ఏ వెర్షన్ ఉందో అడిగి ఆ వెర్షన్‌లో సేవ్ చేయించండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది.

రంగుల్ని తెర మీద చూసి "ఈ ఆకుపచ్చ" అని చెప్పకండి. మీ ఫోన్లో ఒకలా, వాళ్ల మానిటర్‌లో ఒకలా ఉంటుంది. పాంటోన్ సాలిడ్ కోటెడ్ అనే రంగుల పుస్తకం తయారీవాళ్ల దగ్గర ఉంటుంది. దాంట్లోని నంబరు చెప్పాలి. వేపచెట్టుకి 348 సి బాగుంటుంది. ఇల్లస్ట్రేటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పుస్తకాలు చాలావరకు 2022 చివర్లో తీసేశారు, అయినా ఇబ్బంది లేదు. బొమ్మ పక్కన గీత లాగి నంబరు మామూలుగా టైప్ చేస్తే చాలు.

మెడల్ సంగతి కొంత సులువు. 60 మిల్లీమీటర్లు పెట్టుకోండి. అక్షరాల వరస 52 మిల్లీమీటర్ల వ్యాసంలో తిరిగితే చుట్టుకొలత 163. అంటే పిన్నులో పట్టని మీ వాక్యానికి ఇక్కడ ఒక్కో అక్షరానికి 4 మిల్లీమీటర్లు దొరుకుతాయి. పై వంపులో బడి పేరు, కింది వంపులో "స్వర్ణోత్సవం" పెట్టండి. ఇక్కడో తిరకాసుంది. పై వంపులో ఒత్తులు మధ్యకి చూస్తాయి, ఒకదానికొకటి దగ్గరవుతాయి. కింది వంపులో అవే ఒత్తులు బయటికి చూసి అంచు గట్టుకి తగులుతాయి. కాబట్టి కింది వరసని అంచు నుంచి ఇంకో మిల్లీమీటరు లోపలికి జరపండి. అక్షరాలకి రంగు వద్దు. పోత పోసిన జింక్ మిశ్రమం మీద యాంటిక్ పూత చేయించండి. గుంటల్లో నల్లగా నిలిచి ఎత్తుల మీద మెరుస్తుంది, మన అక్షరం వంపులు అందులో కనిపించినంత బాగా ఇంకెందులోనూ కనిపించవు.

హెడ్మాస్టారి ముఖం గీతలతో రాదు. ఫొటోని ట్రేస్ చేస్తే ముఖం మరకల్లా తయారవుతుంది. దాన్ని త్రీడీలో ఎత్తుపల్లాలుగా మలిచేవాళ్లుంటారు, తయారీవాళ్ల దగ్గరే ఉంటారు. మీరివ్వాల్సింది మంచి ఫొటో. పాత ఫొటో అయితే ఫోన్‌తో తీయకుండా 600 డీపీఐలో స్కాన్ చేయించండి. పక్కనుంచి తీసిన ఫొటో దొరికితే అంతకంటే కావాల్సింది లేదు. ముక్కు, గడ్డం పోలిక తక్కువ ఎత్తులోనే తేలిపోతుంది, నాణేల మీద ముఖాలు ఎక్కువగా పక్కకి తిరిగి ఉండటానికి అదో కారణం. కళ్లజోడు ఉంటే ఫ్రేమ్‌ని కాస్త లావుగా మలచమని చెప్పండి. వాళ్లు పంపే బూడిద రంగు నమూనాని ఆయన ఇంట్లోవాళ్లకి చూపించి, వాళ్లు "అవును, ఆయనే" అన్నాకే ముందుకెళ్లండి.

మూడు సింహాల గుర్తు మాత్రం పెట్టకండి. జాతీయ చిహ్నం దుర్వినియోగ నిరోధక చట్టం 2005లో వచ్చింది. చట్టం అనుమతించిన పదవులు, సంస్థలు తప్ప మనలాంటివాళ్లు దాన్ని వాడకూడదు. జిల్లా పరిషత్ బడి కాబట్టి ఫర్వాలేదని కమిటీవాళ్లు అనొచ్చు, కానీ మెడల్స్ చేయిస్తున్నది బడి కాదు, పూర్వ విద్యార్థులు. ఆ చోటు ఖాళీగా వదిలితే మంచి పని ఒకటి చేయొచ్చు. వెనకవైపు నున్నటి చదునుగా ఉంచి, ప్రతి మెడల్ మీదా ఆ మాస్టారి పేరు లేజర్‌తో చెక్కించండి. 25 పేర్లూ టైప్ చేసి కర్వ్స్ చేసిన పీడీఎఫ్‌గా ఇవ్వండి. ఎక్సెల్ జాబితా పంపితే అవతల ఏ ఫాంట్‌లో పడుతుందో మన చేతిలో ఉండదు.

పిన్ను వెనక రెండు మొలలు పెట్టించండి. ఒకటే ఉంటే పిన్ను గిర్రున తిరిగి బడి తలకిందులవుతుంది. పట్టుచీరకి మొల గుచ్చితే చిల్లు పడుతుందని ఆడవాళ్లు పెట్టుకోరు, అందుకని కొన్నిటికి అయస్కాంతం అడగండి. కానీ గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి అయస్కాంతం పిన్ను ఇవ్వకూడదు. మీ మొదటి బ్యాచ్‌వాళ్లకి ఇప్పుడు 60 దాటి ఉంటాయి. పంచే దగ్గర కూర్చునేవాళ్లకి ఈ మాట తప్పకుండా చెప్పండి.

చివరిగా ప్రూఫ్, అంటే తయారీకి ముందు మన ఆమోదం కోసం వాళ్లు పంపే నమూనా. కొన్నేళ్ల కిందట ఒక గుడి ఉత్సవానికి సేవకుల బ్యాడ్జీలు చేయించాను. "బ్రహ్మోత్సవం" అని రాసి, కర్వ్స్ చేసి, వెల్డ్ చేసి పంపాను. డై చెక్కిన పనివాడికి తెలుగు రాదు. త కింద ఉన్న చిన్న స ఒత్తుని ఏదో మరక అనుకుని శుభ్రం చేశాడు. ప్రూఫ్ ఫోన్లో వచ్చింది, నేను ప్రయాణంలో ఉండి బొమ్మ చూసి సరేనన్నాను. 300 బ్యాడ్జీలు "బ్రహ్మోతవం" అని వచ్చాయి. పెట్టె తెరిచిన పెద్దాయన ఏమీ అనలేదు, ఒకటి చేతిలోకి తీసుకుని చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజు నుంచి నేను పంపే ప్రతి ఫైలు పక్కనా రెండు వాక్యాలు రాస్తాను: "ఇది తెలుగు లిపి. అక్షరాల కింద, లోపల ఉన్న ప్రతి చుక్కా గీతా అక్షరంలో భాగం, దేన్నీ తీసేయకండి." వాళ్లకి అర్థమయ్యే భాషలో రాస్తాను. మీరూ రాయండి.

ప్రూఫ్ వచ్చాక ఫోన్లో చూడకండి. లేజర్ ప్రింటర్ మీద అసలు సైజులో ఒకటి, ఐదింతలు పెద్దదిగా ఒకటి ప్రింట్ తీయండి. ప్రింట్ చేసేటప్పుడు ఫిట్ టు పేజ్ ఆపేసి, చిన్నదాన్ని స్కేలుతో కొలిచి 30 ఉందో లేదో చూడండి. పెద్దదాన్ని ఈ పనితో సంబంధం లేని ఒకరికి ఇచ్చి అక్షరం అక్షరం పైకి చదివించండి. మీ తెలుగు మాస్టారు ఉంటే ఆయనకే ఇవ్వండి. డై చెక్కాక మార్పంటే కొత్త డై, మళ్లీ డబ్బు. అన్నీ ఒకేసారి చేయించకుండా ముందు ఒక పిన్ను, ఒక మెడల్ తెప్పించుకోండి. మెడల్ మీద "విద్యార్థుల" దగ్గర భూతద్దం పెట్టి ఆ థ ఒత్తులో చుక్క వేలికి తగిలేలా ఉందో లేదో చూసి, ఉంటేనే మిగతావాటికి సరేనని చెప్పండి.